మా బేస్‌బాల్ బేళ్లకు ధర కట్టిన అంకుల్

మేముండే జాన్సన్‌విల్ నుంచి ఊళ్లోకి, ఆఫీసుకు వెళ్లే ఉదయం రైల్లో ఉన్నాను. మన దేశంలోది కాదు, ఇక్కడ అదే పేరున్న ఖండాలా స్టేషన్ దాటాక ఆంటీ ఫోన్ చేశారు. "అంకుల్ పోయారమ్మా" అన్నారు. ఎప్పటిలాగే షాపు తలుపు తీసి, లైట్లు వేసి, కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చున్నారట. అంతేనట. అంబులెన్స్ వాళ్లు వచ్చి చేయాల్సిందంతా చేశారట. ఇదంతా ఏడవకుండా చెప్పి, చివర్లో "పాల క్రేట్లు ఇంకా బయటే ఉన్నాయి" అన్నారు.

తర్వాతి స్టేషన్లో దిగేశాను. తిరుగు రైలుకు ఇంకా చాలా టైముంది. ప్లాట్‌ఫారం మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. నిలబడలేకపోయాను, కూర్చోలేకపోయాను. బ్యాగు భుజాన వేసుకుని, ఎత్తు రోడ్డు పట్టుకుని వెనక్కి నడక మొదలుపెట్టాను. గాలి ఎదురుగా కొడుతోంది. షాపు చేరేసరికి ఇద్దరు కస్టమర్లు ఏం చేయాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఆంటీ లోపల ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. నేను ఆమె దగ్గరికి వెళ్లలేదు. ముందు పాల క్రేట్లు ఒక్కొక్కటే మోసుకెళ్లి ఫ్రిజ్‌లో సర్దాను. పాత పాలు ముందుకు, కొత్తవి వెనక్కి. ఆయన అలాగే సర్దేవారు.

ఇది జరిగి నెల కావస్తోంది. ఆయన గురించి మన సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమని ఆంటీ అడిగారు. రాయడానికి కూర్చుంటాను, లేస్తాను. టీ పెట్టుకుంటాను, తాగడం మర్చిపోతాను. ఈ ముక్క కూడా మూడు రోజులుగా లేస్తూ కూర్చుంటూ రాస్తున్నదే. ఒకచోట అతుకు సరిగా పడకపోతే మన్నించండి.

మీలో కొందరికి ఆయన డెయిరీ అంకుల్‌గా తెలుసు. మన దేశం నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: ఇక్కడ డెయిరీ అంటే పాల కేంద్రం కాదు, వీధి మూల కొట్టు. పాలు, బ్రెడ్, పేపరు, పిల్లలకు లాలీలనే మిఠాయి బిళ్లలు. అంకుల్, ఆంటీ ఆ కొట్టు ఇరవై ఏళ్లకు పైగా నడిపారు. మా ఫ్లాట్ అక్కడికి నాలుగిళ్ల అవతల. చదువు అయిపోయి, ఊళ్లో నీటి పైపుల డిజైన్లు చేసే ఒక కంపెనీలో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు, సాయంత్రం రైలు దిగి ఇంటికి పోతూ నేను రోజూ ఆగే చోటు అదే. ఆయన ఏ వస్తువు అమ్మినా, డబ్బు తీసుకున్నాక వేలి కణుపుతో కౌంటర్ మీద రెండుసార్లు టక్కు టక్కుమని కొట్టేవారు. పాల సీసాకీ అంతే, పది సెంట్ల లాలీకీ అంతే. ఎందుకో చాలాకాలం నాకు తెలియలేదు.

తెలిసింది బేస్‌బాల్ వల్ల.

మా ఆఫీసు పెద్దాయన అమెరికావాడు. ఈ దేశంలో ఆయనకు అన్నీ నచ్చాయి, ఒక్క బేస్‌బాల్ లేని లోటు తప్ప. ఆ లోటు తీర్చుకోవడానికి ఆఫీసులో ఒక ఫాంటసీ లీగ్ పెట్టాడు. మన క్రికెట్ ఫాంటసీ లాంటిదే. ఒక్కొక్కరం కాగితం మీద ఒక జట్టు కట్టుకుంటాం. మనం ఎంచుకున్న ఆటగాళ్లు అక్కడ అమెరికాలో బాగా ఆడితే ఇక్కడ మనకు పాయింట్లు. పదిమంది చేరారు. పదో మనిషిని నేను. బేస్‌బాల్ గురించి నాకేమీ తెలియదు. కానీ మధ్యాహ్నం భోజనాల గదిలో అందరూ దాని గురించే మాట్లాడుకుంటుంటే, పక్కన కూర్చుని డబ్బాలోని పెరుగన్నం చూసుకుంటూ ఉండటం ఇక నావల్ల కాలేదు. వాళ్ల మాటల్లోకి వెళ్లాలి. అంత చిన్న కోరికే.

మొదటి ఏడాది సులువుగా గడిచింది. వంతులవారీగా ఎంచుకోవాలి. నీ వంతు వచ్చినప్పుడు ఇంటర్నెట్‌లో దొరికే ర్యాంకుల జాబితాలో మిగిలినవాళ్లలో పైనున్న పేరు చెప్తే చాలు. రెండో ఏడాది పెద్దాయన పద్ధతి మార్చాడు. ఇక వేలం. ఒక్కొక్కరి దగ్గర రెండు వందల అరవై ఉత్తుత్తి డాలర్లు, వాటితో ఇరవై మూడు మందిని కొనుక్కోవాలి. ఎవరు ఎంతకైనా పాడొచ్చు. నా దగ్గర ఉన్నది ర్యాంకుల జాబితా. ఒకటో వాడు ఎవరో తెలుసు, నలభయ్యో వాడు ఎవరో తెలుసు. ఎవరికి ఎన్ని డాలర్ల దాకా పోవాలో మాత్రం తెలియదు. పదిమంది ముందు తప్పు పాట పాడి నవ్వులపాలవుతానని వారం రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఒక సాయంత్రం బ్రెడ్ కొంటూ ఈ గోల చెప్పుకున్నాను. ఏదో మాటవరసకు చెప్పాను, అంతే. అంకుల్ వింటూ వింటూ ఆగి, "వేలమా?" అన్నారు. ఆ జాబితా ఒకసారి చూపించమన్నారు.

అప్పుడు చెప్పారు. ఇక్కడికి రాకముందు పదకొండేళ్లు ఆయన ప్రకాశం జిల్లాలో ఒక పొగాకు వేలం కేంద్రంలో పాట పాడేవారు. వరసల్లో పేర్చిన పొగాకు మూటల, అంటే బేళ్ల మధ్య నడుస్తూ, పక్కన బయ్యర్లు నడుస్తుంటే, ఒక్కో బేలుకు ధర పలికి, ఎక్కువ అన్నవాడికి కొట్టేసి, అంటే ఖాయం చేసేసి, ముందుకు పోవడమే ఆయన పని. బేలు దగ్గర ఆగేది కొద్ది సెకన్లేనట. కౌంటర్ మీద ఆ టక్కు టక్కు అక్కడిదే. కొనేవాళ్లు లేని బేలును ఆ కేంద్రంలో నోబిడ్ అంటారు. రైతు దాన్ని మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. "నోబిడ్ అని అనాల్సొచ్చినప్పుడు నేను రైతు మొహం చూసేవాణ్ణి కాదమ్మాయ్" అన్నారు. ఆ మాట అని, లేచి ఫ్రిజ్ తలుపు గట్టిగా వేసొచ్చారు.

నేను అప్పటికే ఒక లెక్క వేసుకున్నాను. ఒకటో వాడికి యాభై డాలర్లు, రెండో వాడికి నలభై తొమ్మిది, మూడో వాడికి నలభై ఎనిమిది. ఆయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని చూసి తల అడ్డంగా ఊపారు.

"ఇది మెట్ల లెక్క. మొదటి బేలుకీ రెండో బేలుకీ తేడా రూపాయి ఉండొచ్చు, ముప్ఫై రూపాయలు ఉండొచ్చు. వరస ఎవరు ముందో చెప్తది. ఎంత ముందో చెప్పదు. ధర కట్టాలంటే ఆ ఎంతో తెలియాల."

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. ఆఖరివాడు ఎవరని అడిగారు. నేను మొదటి పేజీ చూపిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, చివరి పేజీకి తిప్పమన్నారు. "ముందు ఆఖరోణ్ణి పట్టుకో. పైవాళ్ల సంగతి వాడు చెప్తాడు."

పదిమంది ఇరవై మూడేసి మందిని కొంటే మొత్తం రెండు వందల ముప్ఫై మంది. అంటే రెండు వందల ముప్ఫయ్యో వాడు ఒక్క డాలరుకు వస్తాడు. ఆ తర్వాతివాళ్లు నోబిడ్. కాబట్టి ఎవరైనా సరే, వాడి విలువ వాడు తెచ్చే పాయింట్లు కాదు. ఆ ఆఖరివాడి కంటే ఎన్ని పాయింట్లు ఎక్కువ తెస్తాడన్నదే. ఒకటో ర్యాంకు, పదో ర్యాంకు, నూరో ర్యాంకు వాళ్లు గత మూడేళ్లలో సుమారుగా ఎన్ని పాయింట్లు తెచ్చారో నన్ను వెతికి రాసుకు రమ్మన్నారు. తెచ్చాను. అందరి డబ్బూ కలిపితే రెండు వేల ఆరు వందలు. మనిషికి ఒక డాలరు చొప్పున రెండు వందల ముప్ఫై పక్కన పెట్టాం. మిగిలినదాన్ని, ఆఖరివాడి కంటే ఎవరు ఎంత ఎక్కువో ఆ వంతున పంచుకుంటూ పోయాం. పై నలుగురికీ ధర ఒక్కసారిగా లేచింది. యాభయ్యో వాడి నుంచి కింది దాకా దాదాపు చదునైపోయింది. నా మెట్లన్నీ కొట్టుకుపోయాయి.

ఇది ఒక్కరోజులో అయిన పని కాదు. పది రోజులు, సాయంత్రం అయిదున్నర నుంచి షాపు మూసేదాకా, కస్టమర్లు వచ్చినప్పుడల్లా ఆపుతూ, బ్రెడ్ అట్టల వెనక పెన్సిలుతో రాసుకుంటూ చేశాం. కేచర్ దగ్గర చిక్కొచ్చింది. బ్యాటు పట్టుకున్నవాడి వెనక ముసుగు వేసుకుని కూర్చుని బంతులు అందుకునేవాడు కేచర్. ప్రతి జట్టుకూ ఒకడు తప్పనిసరి, కానీ మంచివాళ్లు నలుగురైదుగురే. జాబితాలో వాళ్లెక్కడో కింద ఉన్నారు. అంకుల్, కేచర్లకు ఆఖరోడు వేరే అన్నారు. కేచర్లను విడిగా వరస పెట్టి, పదో కేచర్‌ను పట్టుకుని, వాడి నుంచి పైకి కొలవమన్నారు. అలా చేస్తే ఎనభయ్యో ర్యాంకు కేచర్‌కు ముప్ఫయ్యో ర్యాంకు వాడి ధర పలికింది. నేను అక్కడే షాపులో చిన్నగా గంతేశాను. ఆంటీ గల్లాపెట్టె దగ్గర నుంచి చూసి, మీ ఇద్దరికీ అన్నం తినాలని లేదా అన్నారు.

ఇంకో మాట ఆయన మొదటి నుంచీ చెప్తూనే ఉన్నారు. పాట మొదలైన పది నిమిషాలకు ఈ కాగితం పాతబడిపోతుందని. పాడేవాళ్లు పైవాళ్ల మీద ఎక్కువ పెట్టేస్తే, గదిలో మిగిలిన డబ్బు తగ్గుతుంది, కిందివాళ్ల ధర పడిపోతుంది. వాళ్లు పిసినారితనం చేస్తే ధర పెరుగుతుంది. "కాగితం ఇంట్లో రాసుకునేది. ధర గదిలో పుట్టేది." ఆ గదిలో ఎలా నిలబడాలో తెలియదని నేనంటే, తోడు వస్తానన్నారు.

మార్చి నెలాఖరు ఆదివారం, పెద్దాయన ఇంట్లో. అంకుల్ అందరికీ ఒక్కో లాలీల పొట్లం కట్టుకొచ్చారు. తలకు ఉన్ని టోపీ, ఇస్త్రీ చొక్కా. నా పక్కన కుర్చీలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. గంట గడిచేసరికి పెద్దాయన గొంతు పోయింది. రెండు వందల ముప్ఫై పేర్లు అరవాలంటే మాటలా. ఎవరో అన్నారు, ఎవరైనా అందుకోండి అని. అంకుల్ నా వైపు చూశారు. ఆ చూపు అనుమతి కోసమో ధైర్యం కోసమో నాకు తెలియలేదు. నేను తలూపాను.

ఆయన ఇంగ్లిషు అంతంతమాత్రం. వాక్యం మధ్యలో ఆగి మాట వెతుక్కునేవారు. కానీ ఆ రోజు లేచి నిలబడి అంకెలు అందుకున్నాక ఎక్కడా ఆగలేదు. పన్నెండు, పన్నెండు, పదమూడు నీదా, పదమూడు, పధ్నాలుగు ఎవరు, పధ్నాలుగు అంటూ ఒక పాట. కళ్లు ఒక మొహం నుంచి ఇంకో మొహానికి. గెడ్డం గోక్కున్నవాడిని కూడా వదల్లేదు. టేబుల్ మీద టక్కు టక్కు. తర్వాతి పేరు. ఆ గదిలో అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లంతా కుర్చీల అంచులకు జరిగారు. పెద్దాయన భార్య వంటింట్లో నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే, "పద్దెనిమిదేళ్లయింది గొంతెత్తి" అన్నారు, అంతే.

ఆ ఏడాది నేను నాలుగో స్థానంలో వచ్చాను. గొప్పేం కాదు. కానీ భోజనాల గదిలో నాకు కుర్చీ దొరికింది. అప్పటి నుంచి ఆరేళ్లు మా వేలం పాడింది అంకులే. సీజన్ నడిచే ఆరు నెలలూ ప్రతి సోమవారం సాయంత్రం, "మన బేళ్లెట్టా ఉన్నయ్?" అని అడిగేవారు. ఎవడికైనా చెయ్యి విరిగితే, "తడిసిపోయింది" అనేవారు.

ఇక్కడిదాకా రాసి రెండు గంటలు వీధిలో తిరిగొచ్చాను. తర్వాతి భాగం రాయకుండా వదిలేయాలని ఉంది. ఆంటీకి చెప్పాను కూడా. రాయమన్నారు.

పోయినేడు వేలంలో అంకుల్ ఒక తప్పు కొట్టారు. బంతి విసిరే ఒక ఆటగాడికి మా ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్ ముప్ఫై ఒకటి అన్నాడు. అంకుల్ ఆ బంతి విసిరేవాణ్ణి ఎడమవైపు కూర్చున్న ఇంకొకరికి కొట్టేశారు. కాదు, అన్నది నేను అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్. అంకుల్‌కు వినపడలేదు. మళ్లీ చెప్పాడు. మళ్లీ వినపడలేదు. అప్పటికే ఆయనకు చెవి మిషను ఇచ్చారు, కానీ అది కూతలు పెడుతోందని జేబులోనే ఉంచుకునేవారు. డ్రాఫ్ట్స్‌మన్ నవ్వుతూ, ఆయన వాల్యూమ్ ఎవరైనా పెంచండి అన్నాడు. గదిలో అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

అంకుల్ మూడుసార్లు సారీ చెప్పి తప్పు సరిచేశారు. మిగిలిన పేర్లన్నీ నెమ్మదిగా, ప్రతి అంకెనూ రెండుసార్లు అడిగి పాడారు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు ఆయన వాతావరణం గురించి మాట్లాడారు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఆఫీసులో ఉద్యోగాలు తగ్గించారు. లీగ్‌లో ఒకరు దూరంగా ఉత్తరాన మౌంట్ ఆల్బర్ట్ వెళ్లారు, డ్రాఫ్ట్స్‌మన్ అటే రోటోటూనాలో ఇల్లు తీసుకున్నాడు, ఇద్దరు ఆస్ట్రేలియాలో సెటిల్ అయ్యారు. ఇక మీదట వేలం ఎప్పటిలాగా గదిలో పెట్టి దూరంవాళ్లను ఫోన్లో కలపాలా, లేక అంతా ఆన్‌లైన్లో సాఫ్ట్‌వేర్‌కు వదిలేయాలా అని ఓటు పెట్టారు. పెద్దాయన తాను ఓటు వేయనన్నాడు. మిగిలిన తొమ్మిదిమందిలో నలుగురు అటు, నలుగురు ఇటు. చివరి ఓటు నాది. ఆన్‌లైన్ అని నొక్కాను. దూరంగా ఉన్నవాళ్ల కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, ఇంకోసారి ఆ గదిలో ఆయన పక్కన కూర్చుని ఎవరైనా నవ్వుతారేమోనని భయపడుతూ ఉండలేకపోయాను.

మర్నాడు సాయంత్రం షాపుకు వెళ్లి చెప్పాను. అందరూ ఆన్‌లైన్ అన్నారు అంకుల్ అని.

"అందరూ అన్నారా?" అన్నారాయన.

"అందరూ" అన్నాను.

సరేనమ్మా అని, వెనక్కి తిరిగి, సర్ది ఉన్న పాల సీసాలనే మళ్లీ సర్దడం మొదలుపెట్టారు.

ఆ మర్నాటి నుంచి నేను పాలు సూపర్ మార్కెట్లో కొన్నాను. రైలు దిగి రోడ్డు అవతలి వైపు నుంచి నడిచేదాన్ని. ఫోన్లో మాట్లాడుతున్నట్టు చెవి దగ్గర పెట్టుకునేదాన్ని. దాదాపు మూడు నెలలు. ఏ పనీ నిలకడగా చేయలేకపోయాను. ఒక సినిమా చివరిదాకా చూసింది లేదు. మా ఆయన అడిగితే ఆఫీసు టెన్షన్ అన్నాను. క్రిస్మస్ ముందు ఆంటీ రోడ్డు మీద నన్ను ఆపేశారు. అంకుల్‌తో గొడవ పడ్డావా, సోమవారాలు తలుపు వంక చూస్తా కూర్చుంటాడు అన్నారు. ఇంటికి వెళ్లకుండా సరాసరి షాపుకు వెళ్లాను.

ఆయన ఐస్‌క్రీం పెట్టెలోకి వంగి డబ్బాలు సర్దుతున్నారు. చెవికి మిషను ఉంది. నేను గుమ్మంలోంచే చెప్పేశాను. నాలుగు నాలుగు అయ్యాయని, చివరి ఓటు నాదని, అబద్ధం చెప్పానని. ఆయన లేచి, చేతులు తుడుచుకున్నారు.

"తెలుసు. ఆ రోజు పొద్దున్నే మీ పెద్దాయన వచ్చాడు, ఇన్నేళ్లు పాడినందుకు థాంక్స్ చెప్పడానికి. ఓట్ల సంగతీ చెప్పాడు. నువ్వు చెప్పేసుంటావనుకున్నాడు పాపం."

మరి నేను చెప్పినప్పుడు ఎందుకు ఊరుకున్నారని అడిగాను.

"అందరూ అన్నారా అని ఒకసారి అడిగాగా. రెండోసారి అడిగితే నువ్వు ఇంకో అబద్ధం చెప్పాల్సొచ్చేది."

ఆయనే మళ్లీ అన్నారు. "మా కేంద్రంలో తప్పు కొట్టినోణ్ణి ఆ పూటే దించేవాళ్లు. రైతు నష్టపోతాడు గదా. నువ్వు నన్ను దించడంలో తప్పులేదమ్మాయ్. నాకు చెప్పి దించాల్సింది."

నేను ఏడుస్తుంటే ఒక కస్టమర్ వచ్చి, సంగతి చూసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. అంకుల్ అతని వెనకే చూసి, ఇవాళ ఒక నోబిడ్ అన్నారు. తర్వాత ఈసారి జాబితా వచ్చిందా అని అడిగారు. ఇంకా రాలేదని చెప్పాను. ఆన్‌లైన్ వేలం రోజు మా ఇంట్లో నా పక్కన కూర్చుంటారా అని అడిగితే, సాఫ్ట్‌వేర్ ఎట్టా పాడతదో చూడాలనుంది, వస్తానన్నారు.

జాబితా వచ్చాక ఎప్పటిలాగే మొదలుపెట్టాం. బ్యాటు పట్టేవాళ్లంతా అయిపోయారు. కేచర్లు అయిపోయారు. బంతి విసిరేవాళ్లు సగంలో ఉండగా ఆ ఉదయం ఆంటీ ఫోన్ వచ్చింది.

మిగతా సగం నేను పూర్తి చేయలేకపోయాను. లాప్‌టాప్ తెరిస్తే ధరల పట్టిక ఆయన చెప్పిన చోటే ఆగిపోయి ఉంది, డెబ్బై మూడో పేరు దగ్గర. కింద ఏదో ఒక అంకె వేయబోయి తుడిచేశాను. అలా ఎన్నిసార్లు చేశానో.

వేలం రోజు పదిమందీ తెర మీద చిన్న చిన్న పెట్టెల్లో కనిపించారు. పెద్దాయన అంకుల్ గురించి రెండు మాటలు చెప్పి, ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నాడు. తలలు వంచాం. సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి తెలియదు కదా. దాని టైముకు అది మొదలైపోయింది. మొదటి వంతు డ్రాఫ్ట్స్‌మన్‌ది. అతను ఒక డాలరు పాటతో ముందే పెట్టి ఉంచిన పేరు జాబితాలో ఒకటో ఆటగాడిది. గడియారం తిరిగింది, ఇంకెవ్వరూ పాడలేదు, టింగుమని గంట కొట్టింది. తలలెత్తి చూస్తే, ఆ ఏడాదికల్లా గొప్ప ఆటగాడు ఒక్క డాలరుకు డ్రాఫ్ట్స్‌మన్ జట్టులో ఉన్నాడు.

తర్వాత అందరూ ఒక్కసారి నవ్వారు, నేను కూడా. ఈసారి నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాను. పెద్దాయన, ఏం చేద్దాం, పడింది పడిందే అనుకుందామా అన్నాడు. డ్రాఫ్ట్స్‌మన్ మాత్రం నవ్వడం లేదు. వెనక్కి పెట్టేయండి అన్నాడు. "ఒక్కడే పాడితే ఆయన కొట్టేవాడు కాదు. ఇంకొకరి మొహం చూసేదాకా ఆగేవాడు." "పోయినేడు నేనన్న మాటకు ఆయనకు సారీ చెప్పలేదు" అన్నాడు. ఎవరితో చెబుతున్నాడో తెలియనట్టు పక్కకు చూస్తూ అన్నాడు. నేను మైకు ఆన్ చేశాను, ఏదో చెబుదామని. మళ్లీ ఆపేశాను.

ఆ పేరు మళ్లీ పెట్టారు. నలభై ఏడుకు పోయాడు. అంకులూ నేనూ కలిసి కట్టిన ధర నలభై నాలుగు. నేను నలభై నాలుగు దగ్గర ఆగాను. తర్వాత ఎవరిని కొన్నానో, ఎంతకు కొన్నానో సరిగా గుర్తు లేదు. ప్రస్తుతం ఏడో స్థానంలో ఉన్నాను. సోమవారాలు షాపు ముందు నుంచే వెళుతున్నాను. ఆంటీ ఉంటే లోపలికి వెళ్లి చెబుతాను, ఆమెకు అర్థం కాకపోయినా వింటారు. షాపు అమ్మాలా ఉంచాలా అని ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఒకరోజు అమ్మేస్తానంటారు, మర్నాడు కొత్త ఫ్రిజ్ గురించి అడుగుతారు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఆరేళ్లు కొన్ని వందలమంది బేస్‌బాల్ ఆటగాళ్లకు ధర కట్టిన మనిషి, ఆ ఆటలో ఒక్క బంతి విసరడం కూడా కళ్లతో చూడలేదు. ఆయన లోకమంతా అంకెల్లోనే ఉంది. ఇది నాకు తట్టింది ఈ ఫిబ్రవరిలోనే. బేస్‌బాల్ ఇక్కడ పెద్దగా లేదు కానీ దాని చెల్లెలిలాంటి సాఫ్ట్‌బాల్ బాగా ఆడతారు. ఒక శనివారం ఆంటీకి షాపు అప్పజెప్పి, ఆయన్ను కారెక్కించుకుని పక్క ఊరు లోయర్ హట్ తీసుకెళ్లాను. కాలేజీ వయసు అమ్మాయిల మ్యాచ్. గడ్డి మీద కూర్చోమంటే కూర్చోలేదు. తీగ వల దగ్గరికి వెళ్లి, వేళ్లు అందులోకి దూర్చి పట్టుకుని నిలబడ్డారు. ఆ ముసుగు పిల్లేనా కేచరు అని అడిగారు. అవునన్నాను. రెండు ఇన్నింగ్స్ అలాగే చూశారు. "ఇంతసేపు గొంతుక్కూచునే ఉంటదా? మనం కేచర్లకు తక్కువ కట్టాం అమ్మాయ్" అన్నారు.

అప్పుడు ఒకమ్మాయి బ్యాటు ఊపింది. పసుపు బంతి ముందుకు పోకుండా నిటారుగా పైకి లేచింది. కేచర్ ముసుగు లాగి పారేసి, తల పైకెత్తి, చేతులు చాపి వెతకడం మొదలుపెట్టింది. వలకు ఇవతల అంకుల్ కూడా తల ఎత్తారు. దక్షిణం నుంచి గాలి ఒక్కసారిగా కొట్టి ఆయన ఉన్ని టోపీని ఎగరేసుకుపోయింది. ఆయన గమనించలేదు. నెత్తి మీద నెరిసిన జుట్టు నాలుగు వైపులా లేచింది. అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, తెల్లటి మబ్బులో ఆ పసుపు చుక్కను వెతుకుతూ, ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి వేస్తున్నారు.